కింద ఎవరున్నారు?

"మీ పిల్లలకు ఆటలు నేర్పక్కర్లేదండీ, వాళ్ల రక్తంలోనే ఉన్నాయి." ఆటల పోటీల రోజున బడికి వచ్చిన అతిథులు ఈ మాట అనడం, మేం చప్పట్లు కొట్టడం చాలా ఏళ్లుగా జరుగుతోంది. ఈ వ్యాసం రాస్తున్న మాలో కొందరం బడిపంతుళ్లం, ఇద్దరం అంగన్‌వాడీల్లో పనిచేస్తున్నాం, మిగిలినవాళ్లం పట్నంలో చదువుకుంటూ సెలవులకు ఊరెళ్లేవాళ్లం. ఆ మాటకు ఒకప్పుడు అందరం పొంగిపోయాం. ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటోంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక దుంగ సంగతి చెప్పాలి.

పాడేరు వైపు మాలో ఒకరి ఊరికి వెళ్లాలంటే గెడ్డ దాటాలి. దాని మీద వంతెన లేదు, ఒక దుంగ వేసి ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో ఇద్దరు అన్నదమ్ములు ఆ దుంగ దగ్గర ఆగారు. పెద్దవాడికి తొమ్మిదేళ్లు. ఆరేళ్లకే హాస్టల్లో చేరాడు, బాగా చదువుతాడు, తెలుగు వాచకం గడగడా అప్పజెప్తాడు. చిన్నవాడికి ఐదేళ్లు, ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. చిన్నవాడు దుంగ మీద నడుచుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు. పెద్దవాడు రెండడుగులు వేసి, కిందికి చూసి, కూర్చుండిపోయాడు. తరువాత దుంగకు అటొక కాలూ ఇటొక కాలూ వేసుకుని పిర్రల మీద జరుగుతూ సగం దాకా వచ్చాడు. తమ్ముడు వెనక్కి వచ్చి చెయ్యి అందించాడు. నీళ్లు మోకాలి లోతే, ప్రమాదమేమీ లేదు. కానీ ఆ పిల్లవాడి ముఖం చూసినవాళ్లకు నవ్వు రాలేదు. గట్టు మీద మేకలు కాస్తున్న వాళ్ల తాత మాత్రం ఒక మాట అన్నాడు: "ఈడికి బడి అన్నీ చెప్పింది గానీ, కాళ్లకేటీ చెప్పనేదు."

ఇద్దరిదీ ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే రక్తం. రక్తంలో ఉన్నదైతే పెద్దవాడి నుంచి ఎక్కడికి పోయింది?

తాత మాటలో ఒక పదం మమ్మల్ని పట్టుకుంది. కాళ్లకు "చెప్పడం". అంటే దుంగ మీద నడవడం, చెట్టెక్కి దిగడం, రాయి గురి చూసి విసరడం, పడుతున్నప్పుడు మోకాళ్లు వంచి పడడం, ఇవన్నీ ఎవరో చెప్తే వచ్చేవి. ఎవరు చెప్పారు? మాలో ప్రతి ఒక్కరం మా చిన్నతనాన్ని తవ్వుకున్నాం. "నాకు ఎవరూ నేర్పలేదు, అదే వచ్చింది" అని మొదట అందరం అన్నాం. కాసేపు మాట్లాడుకున్నాక ఒక్కొక్కరికీ ఒక్కొక్క అక్కో, బావో, మేనమామ కొడుకో గుర్తుకొచ్చారు.

కోతికొమ్మచ్చి ఆట అందరికీ తెలుసు. మన భాషల్లో దాని పేర్లు వేరు కావచ్చు, ఆట ఒకటే. నేల మీద గుండ్రంగా గీత గీసి కర్ర పెడతారు. పంటలు వేసి దొంగను తేలుస్తారు. ఒకడు కాలి కింద నుంచి కర్రను దూరంగా విసురుతాడు. దొంగ పరుగెత్తి దాన్ని తెచ్చి గీతలో పెట్టేలోపు మిగతావాళ్లు చెట్టెక్కేస్తారు. వాడు ఎక్కి ఎవరినైనా ముట్టుకోవాలి, వీళ్లు దూకి కర్రను ముట్టుకుంటే బతికినట్టు. ఇందులో పరుగుంది, విసురుంది, ఎక్కడం ఉంది, వేలాడడం ఉంది, దూకడం ఉంది. దొంగ ఏ కొమ్మ వైపు వస్తాడో ముందే ఊహించడం కూడా ఉంది. మూడు నాలుగేళ్ల పిల్లను చంకనేసుకొచ్చిన అక్క ఈ ఆటలో ఏం చేస్తుంది? పిల్లను కింద కొమ్మ దగ్గర నిలబెట్టి "ఇది ఆటలో అరటిపండు" అంటుంది. అంటే ఆ పిల్ల ఆటలో ఉంది, కానీ దొంగ కాదు. ఎవరూ దాన్ని ముట్టుకుని ఓడించరు. అది నవ్వుతూ అరుస్తూ చెట్టు చుట్టూ తిరుగుతుంది, ఒక రోజు కింద కొమ్మ పట్టుకుని ఊగుతుంది, ఇంకో రోజు కాలు పైకేస్తుంది. ఏడాదికో రెండేళ్లకో "నేనిక అరటిపండు కాదు" అని తానే ప్రకటిస్తుంది. ఓడిపోతానన్న భయం లేకుండా, పెద్దవాళ్ల మధ్యలో, తన లెక్కన నేర్చుకునే చోటు అది. మాకు బి.ఎడ్‌లో చెప్పిన పాఠాలన్నిటిలో ఇంత తెలివైన ఏర్పాటు మరొకటి కనబడలేదు. అయినా మనం దాన్ని ఎగతాళి మాటగానే వాడుకుంటున్నాం.

ఇంకో సంగతి. మా ఊళ్లలో పెద్దవాళ్లు పిల్లలను ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టరు. ఎంత ఏడ్చినా కూర్చోబెట్టరు. తానంతట తాను ఎక్కగలిగినంత ఎత్తు నుంచి దిగనూ గలుగుతుంది, మనం ఎక్కిస్తే దిగడం రాదు. ఈ మాట ఎవరూ పాఠంలా చెప్పరు, చేసి చూపిస్తారు. నేర్పు కంటికి కనబడకుండా ఉంటే దాన్ని నేర్పే కాదనుకుంటాం. పుట్టుకతో వచ్చిందనుకుంటాం.

ఇది మన దగ్గరే కాదు. కెన్యాలో కిప్సిగిస్ అనే జాతివాళ్లున్నారు. చార్లెస్ సూపర్ అనే పరిశోధకుడు వాళ్ల పసిపిల్లలను గమనించి 1976లో రాశాడు. అప్పటిదాకా ఆఫ్రికా పిల్లలు తొందరగా కూర్చుంటారు, తొందరగా నడుస్తారు, అది జాతి లక్షణం అని బయటివాళ్లు అనేవారు. ఆయన చూసింది వేరు. తల్లులు నేలలో చిన్న గుంట తవ్వి పిల్లను అందులో కూర్చోబెట్టి అలవాటు చేస్తారు. నడక కూడా రోజూ పట్టుకుని నేర్పుతారు. ఈ నేర్పడానికి వాళ్ల భాషలో ప్రత్యేకమైన మాటలే ఉన్నాయి. వాళ్లు నేర్పిన కూర్చోవడం, నడవడం ముందుగా వచ్చాయి. వాళ్లు పట్టించుకోని పాకడం, దొర్లడం ముందుగా రాలేదు. పరాగ్వే అడవుల్లోని ఆచే తెగ సంగతి ఇంకా విచిత్రం. అడవి నేల మీద పాములు, ముళ్లు ఉంటాయని తల్లులు పసిపిల్లలను ఒళ్లోంచి దించరు. ఆ పిల్లలు రెండేళ్లకు దగ్గరైతే గానీ నడవరు. చూసినవాళ్లు ఎదుగుదల లేదంటారు. అదే పిల్లలు ఎనిమిది పదేళ్లకు ఎత్తైన చెట్ల మీద ఉంటారు. ఏ జాతి తన పిల్లల ఒంటికి ఏం కావాలనుకుంటుందో అది, కావాలనుకున్న వయసులో నేర్పుకుంటుంది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో వానాకాలం బురదలో పిల్లలు వెదురు కర్రల మీద నిలబడి నడుస్తారు, పొలాల అమావాస్య పండుగ దాటాక ఆ కర్రలను వదిలేస్తారు. ఆ కర్రలు కోసి, కాలు పెట్టే చోటు కట్టి ఇచ్చేది పెద్దవాళ్లే కదా. రక్తం వెదురు కొయ్యదు.

కాబట్టి "రక్తంలోనే ఉంది" అన్నది పొగడ్త కాదని మా అభిప్రాయం. అది ఒక దొంగతనం. అక్క నేర్పినదాన్ని, తాత చూపినదాన్ని, ఊరంతా కలిసి పోగుచేసుకున్నదాన్ని వాళ్ల నుంచి లాగేసి ప్రకృతి ఖాతాలో వేస్తుంది. చదువుకున్నవాడికి వచ్చింది విద్య, మనకు వచ్చింది స్వభావం! మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. గిరిజన బిడ్డ కదా, కొండలెక్కడం సహజం అన్నవాళ్లు అప్పుడు చాలామంది. ఆమె పుట్టింది నిజామాబాద్ జిల్లా పాకాలలో, మంచు కొండల్లో కాదు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుంది, తరువాత డార్జిలింగ్‌లో, లడక్‌లో నేర్చుకుంది. ఆ శ్రమను సహజం అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఆమెకూ ఆమెకు నేర్పినవాళ్లకూ ఏం మిగిలింది?

పోనీ, మాటే కదా అని వదిలేద్దామంటే దాని వెనక నష్టముంది. సహజంగా వచ్చేదైతే ఎవరూ నేర్పక్కర్లేదు. ఎవరూ నేర్పక్కర్లేకపోతే చోటూ అక్కర్లేదు, సమయమూ అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ఆట వస్తువులు ఉండాలంది. బాగుంది. అయితే వ్యాయామం నేర్పే మనిషిని ఆ చట్టం అడిగింది ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, అదీ వందమందికి పైగా పిల్లలున్న చోట, అదీ పార్ట్‌టైంగా. గూడెంలో ఇరవైమంది పిల్లలున్న బడికి ఆ మనిషి ఎప్పటికీ రాడు. వచ్చే చోట కూడా పిల్లలకు పదకొండేళ్లు వచ్చాక వస్తాడు. పరుగు, గెంతు, విసురు, పట్టు, నిలకడ కుదిరే వయసు మూడు నుంచి ఏడెనిమిదేళ్లు. అప్పుడు చేసి చేసి వదిలినది తరువాత సులువుగా కలిసొస్తుంది, అప్పుడు చేయనిది తరువాత భయంగా మారుతుంది. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు మూడు గంటలైనా కదులుతూ ఉండాలని, అందులో గంటసేపు ఒగర్చేంతగా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల చదువు ఆటతోనే సాగాలంది. కాగితం మీద అందరూ మన అక్కల దారికే వచ్చారు. గదిలో మాత్రం పిల్లలు చేతులు కట్టుకుని కూర్చునే ఉన్నారు.

తప్పంతా బడి మీద వేయడం న్యాయం కాదు. మన గొలుసు ఎక్కడ తెగిందో మనం చూసుకోవాలి. ఆరేళ్ల వాళ్లను ఆరేళ్ల వాళ్లతో, పదేళ్ల వాళ్లను పదేళ్ల వాళ్లతో కూర్చోబెట్టాక అరటిపండుకు చోటు లేదు. చంకనెత్తుకునే అక్క హాస్టల్లో ఉంది, చెల్లి అంగన్‌వాడీలో ఉంది. సెలవులకు కలిస్తే ఇద్దరి మధ్యా ఒక ఫోను ఉంది. ఆ ఫోను కొనిచ్చింది మనమే. ఇక తల్లిదండ్రుల మాట వేరుగా ఉంటుంది. "చెట్లెక్కడానికి బడికి పంపామా? ఎక్కితే మాలాగే అడవిలో ఉండిపోతాడు" అని ఒక తండ్రి మా ముఖం మీదే అన్నాడు. ఆయన చిన్నప్పుడు తేనె కోసం కొండచరియలకు వేలాడిన మనిషి. తన కొడుకు వేలాడకూడదని కోరుకుంటున్నాడు. ఆ కోరికలో తప్పు పట్టడానికి ఏముంది? చాలాసేపు మాకు జవాబు దొరకలేదు. చివరికి చెప్పగలిగింది ఇంతే: చింతపండు దులపడానికి కాదు మేం ఎక్కనిమ్మంటున్నది. ఆ పిల్లవాడు రేపు ఇంజనీరయినా, ఆఫీసులో కూర్చున్నా, వాడి ఒళ్లు వాడి మాట వినాలి కదా. కూలికి పనికొచ్చే ఒళ్లు, కుర్చీకి పనికొచ్చే ఒళ్లు అని రెండే ఉంటాయని మనం ఎందుకు ఒప్పుకోవాలి? ఆయన ఒప్పుకున్నాడని చెప్పలేం. చుట్ట వెలిగించుకుని లేచి వెళ్లిపోయాడు.

మేం చేసిన తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఆటల ద్వారా కదలికలు నేర్పాలని తెలిశాక మొదటి ఏడాది మహా ఉత్సాహంగా ఈల కొన్నాం. పిల్లలను వరుసలో నిలబెట్టి "ఒంటికాలి మీద పది గెంతులు" అన్నాం. గెంతారు. ఏడో గెంతుకే ముఖాలు వాడిపోయాయి. ఆ సాయంత్రం అదే పిల్లలు వరండా ముందు తొక్కుడుబిళ్ళ గళ్లు గీసుకుని చీకటి పడేదాకా ఒంటికాలి మీదే ఉన్నారు. గీత తొక్కావంటే తొక్కలేదని, తొండి అంటే తూచ్ అని కొట్టుకున్నారు కూడా. మా ఈల పది గెంతులు ఇచ్చింది, వాళ్ల బిళ్ళ వందలు ఇచ్చింది. అయితే పెద్దవాళ్లకు పనేమీ లేదని కాదు. వదిలేస్తే గట్టిగా ఉన్న నలుగురే ఆడతారు, మిగతావాళ్లు గోడకు ఆనుకుని చూస్తారు. ఆ గోడ దగ్గరున్నవాళ్లను చూడడమే పంతులు పని. వాళ్లను లాక్కొచ్చి వరుసలో పెట్టడం కాదు, వాళ్లు దిగగలిగిన మెట్టు ఒకటి ఆటలో ఉందా అని చూడాలి. లేకపోతే పెట్టాలి. మాలో ఒక టీచరమ్మ ఒక రోజు చీర కుచ్చిళ్లు దోపుకుని "నేను అరటిపండు" అంటూ గళ్లలోకి దిగింది. గోడ దగ్గరున్న ముగ్గురు ఆమె వెనకే వచ్చారు. అమ్మగారికే గెంతడం రాదని తెలిశాక వాళ్లకు సిగ్గు పోయింది.

ఆడపిల్లల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు, మనకు తెలిసిందే. నెత్తిన రెండు బిందెలు పెట్టుకుని మిట్ట ఎక్కే పిల్లను బడిలో ఆటల పీరియడ్‌లో ముగ్గు వేయమంటున్నాం. "మగరాయుడిలా ఆ ఎక్కడమేమిటి" అనే మాట మన గూడేల్లో మేం చిన్నప్పుడు వినలేదు. బడితో పాటు వచ్చింది. బడితో వచ్చినవాటిలో అన్నీ చదువు కావు.

ఇక అసలు కష్టమైన ప్రశ్న. పడితే? మన ఊళ్లలో కాలు విరిగితే డోలీ కట్టి రోడ్డుదాకా మోయాలి. ఊళ్లో తల్లి తన పిల్లను చెట్టెక్కనిస్తే అది తన పిల్ల, జవాబు తనకే చెప్పుకుంటుంది. పంతులు ఎక్కనిచ్చేది ఇంకొకరి పిల్లను. వేరొకరి బిడ్డ ఎముకతో పందెం కాసే హక్కు మనకెవరిచ్చారు? చెట్టెక్కితే బెత్తం చూపే పంతులును పిరికివాడని తేలిగ్గా అనలేం. ఉద్యోగం పోతుందన్న భయం కూడా భయమే.

మాకు ఈ ప్రశ్న పుస్తకంలో ఎదురు కాలేదు. మాలో ఒకరు పనిచేస్తున్న బడిలో రెండో తరగతి పిల్ల చింతచెట్టు మీద నుంచి పడింది. మణికట్టు విరిగింది. ఆ సమయంలో పంతులు లోపల కూర్చుని హాజరు వివరాలు ఫోనులో ఎక్కిస్తున్నాడు. మర్నాడు తల్లి వచ్చింది. తిడుతుందనుకున్నాం, కేసు పెడుతుందేమోనని ఒకరిద్దరు గుసగుసలాడారు కూడా. ఆమె చెట్టు దగ్గరికి వెళ్లి, ఏ కొమ్మో చూపించమంది. చూసింది. కొమ్మ మంచిదే, ఎండింది కాదు. అప్పుడు అడిగింది: "కింద ఎవులున్నారు మేస్టారూ?"

చెట్టెందుకు ఎక్కనిచ్చారని ఆమె అడగలేదు. కింద ఎవరూ లేరు. మా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

ఆ రోజు నుంచి మేం చెట్లు మూసెయ్యలేదు. రెండు పనులు మొదలుపెట్టాం. పిల్లకు కనబడే ఎత్తును పిల్లకే వదిలేస్తాం. ఎంత పైకి వెళ్లాలో దాని గుండె దానికి చెప్తుంది. పిల్లకు కనబడని ప్రమాదాన్ని మేం తీసేస్తాం: పుచ్చిన కొమ్మ, కింద గడ్డిలో దాగిన రాయి, గట్టు లేని బావి. రెండోది, ఎక్కేటప్పుడు కింద ఒకరుంటారు. పట్టుకోవడానికి కాదు, చూస్తూ ఉండడానికి. హాజరు ఎక్కించడం ఆగితే ఆగనీ. బడి తెరిచిన వారంలోనే తల్లులనూ తండ్రులనూ పిలిచి ఈ రెండు మాటలూ చెప్తాం. వద్దన్నవాళ్లుంటే వాళ్ల మాట వింటాం. ఇంత చేసినా రేపు ఇంకో పిల్ల పడదని మేం హామీ ఇవ్వలేం. పడకుండా ఉండాలంటే ఆ పెద్దవాడిలా దుంగ మీద కూర్చుండిపోవాలి, దానికీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. పడిన పిల్ల గురించి అడగడానికి తల్లి వచ్చింది. కూర్చుండిపోయిన పిల్లవాడి గురించి అడగడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.

వేసవిలో ఆ బడి ఆవరణలో ఒక దుంగ వేయించాం. పిల్లలు పడకూడదని మూర ఎత్తులో, రెండు వైపులా రాళ్లు దట్టించి, ఇసుమంతైనా కదలకుండా బిగించాం. కింద మెత్తగా ఇసుక పోశాం. చాలా గర్వంగా ఉంది మాకు. మనవడిని దింపడానికి వచ్చిన తాత దాన్ని చూసి, కాలితో తోసి చూశాడు, కదల్లేదు. "ఏటి మేస్టారూ, గెడ్డ మీద దుంగ ఇంత గట్టిగా ఉంటాదా?" అన్నాడు. వంగి ఒక వైపు రాళ్లలో రెండు తీసి పక్కన పడేశాడు. మళ్లీ తోశాడు. దుంగ కొంచెం ఊగింది. ఇంకొంచెం ఊగేలా మూడో రాయి కూడా కదిపి, చేతులు దులుపుకుని, మనవడి వైపు చూశాడు. వాడు చెప్పులు విప్పుతున్నాడు.